ప్రతి బొమ్మలోనూ అదే పిల్ల

పోయిన నెలంతా మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద భోజనాలు లేవు. ఎవరి కంచం వాళ్ళు పట్టుకుని హాల్లో కూర్చుని తిన్నాం. టేబుల్ నిండా మా అమ్మాయి వేసిన బొమ్మలు పరిచి ఉన్నాయి. ఫ్యాన్ గాలికి ఎగరకుండా వాటి మీద పోపుల డబ్బా, అగ్గిపెట్టె, మావారి కళ్ళజోడు పెట్టె బరువుగా పెట్టాం.

సంగతేమిటంటే, పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసేవాళ్ళ కోసం ఒక పోర్ట్‌ఫోలియో రివ్యూ జరుగుతోందని దానికి తెలిసింది. పన్నెండు బొమ్మలు పంపాలి. పుస్తకాల పనిలో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళు ఒకరు వీడియోలో ఇరవై నిమిషాలు కూర్చుని, ఒక్కొక్క బొమ్మే చూసి, ఉన్నదున్నట్టు చెప్తారు. అంతే. ఉద్యోగం కాదు, బహుమతీ కాదు.

మా అమ్మాయిది బీటెక్ చివరి సంవత్సరం. మేముండేది హఫీజ్‌పేట్‌లో. ఇక్కడ ఎమ్మెమ్టీఎస్ ఎక్కితే తరవాతి స్టేషనే హైటెక్ సిటీ. ఆ రైల్లో మెడలో ఐడీ కార్డు లేని మనిషి కనపడటం కష్టం. ఇలాంటి చోట ఉంటూ, క్యాంపస్ ప్లేస్‌మెంట్లు జరుగుతున్న నెలలో, కూతురు కుందేళ్ళూ కోతులూ వేస్తూ కూర్చుంటే తండ్రికి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆయన పెద్దగా ఏమీ అనలేదు. "బొమ్మలు ఆదివారాలు వేసుకోవచ్చు కదమ్మా" అన్నారు, ఒక్కసారే. అది రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

నేను చదివింది తెలుగు బీఏ. బొమ్మల గురించి నాకు తెలిసింది చిన్నప్పుడు చందమామలో చూసినంతే. అయినా అమ్మని కదా, సలహా ఇవ్వకుండా ఉండలేను. పన్నెండింటిలో మొదటిది అది ఇంటర్‌లో ఉండగా వేసిన వినాయకుడి పెయింటింగ్ ఉండాలన్నాను. అపార్ట్‌మెంట్ చవితి పందిట్లో పెడితే అందరూ ఫోన్లలో ఫొటోలు తీసుకున్న బొమ్మ అది. "అది బానే ఉందమ్మా, కానీ దాన్లో ఏం జరుగుతోంది?" అంది. నాకు జవాబు దొరకలేదు. కోపం మాత్రం వచ్చింది.

ఆ కోపంలోనే అటక మీంచి మా నాన్నగారి బైండు పుస్తకాలు దింపాను. మా పుట్టిల్లు తెనాలి. చందమామ నడిపిన చక్రపాణిగారిదీ, ఆ పత్రికని దాదాపు ముప్ఫై ఏళ్ళు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారిదీ అదే ఊరు. నాన్నగారు అందరిలాగే నెలనెలా సీరియల్ పేజీలు జాగ్రత్తగా విప్పి, వరసగా కుట్టించి, అట్ట వేయించారు. అందులో దాసరి సుబ్రహ్మణ్యంగారి 'శిథిలాలయం' కూడా ఉంది. చిన్నప్పుడు కథ కోసం చదివాను. ఈసారి ఒక్క అక్షరం చదవకుండా బొమ్మలు మాత్రమే చూశాను.

చూస్తుంటే తెలిసింది. శిఖిముఖి, విక్రమకేసరి పేజీ తరవాత పేజీ వస్తున్నారు. ఒకచోట ముందునించి, ఒకచోట పక్కనించి, ఒకచోట వీపు మాత్రమే. చెట్టెక్కుతూ, పరుగెత్తుతూ, భయపడుతూ. పేరు చూడకుండానే ఎవరు ఎవరో గుర్తుపట్టగలుగుతున్నాను. అవి నెలకి కొన్ని పేజీల చొప్పున, ఏడాదికి పైగా సాగిన కథకి వేసిన బొమ్మలు. నెలనెలా ఆ ఆర్టిస్టు ఆ మనుషులని మళ్ళీ కొత్తగా పుట్టించాలి, కానీ కొత్తవాళ్ళుగా కనపడకూడదు. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకి అర్థం అప్పుడు తెలిసింది. నా వినాయకుడు ఒక్కసారే కనిపిస్తాడు. ఆయన తరవాతి పేజీలో ఏం చేస్తాడో ఆ బొమ్మకి తెలీదు.

ఆ బొమ్మలు వేసినాయన చిత్ర. అసలు పేరు టి.వి. రాఘవన్. 1947 జులైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో చందమామ మొదలుపెట్టినప్పటినుంచీ ఉన్న ఆర్టిస్టు. ఏ ఆర్టు స్కూల్లోనూ చదవలేదు, సొంతంగా నేర్చుకున్నాడు. దాసరివారి సీరియళ్ళంటే చిత్ర బొమ్మలే. 1978లో ఆయన పోయాక ఆ జోడీ ముగిసింది.

రెండో ఆయన శంకర్, కె.సి. శివశంకరన్. 1924లో ఈరోడ్ దగ్గర పల్లెలో పుట్టిన తమిళుడు. ఈయన దారి వేరు. స్కూల్లో ఉండగా డ్రాయింగ్ మాస్టారు ఆయన బొమ్మలు చూసి, బీఏ, ఎమ్మే అంటూ పోవద్దని, ఆర్టు స్కూల్లో చేరమని చెప్పారట. బీఏ చదివిన నేను ఈ ముక్క మా అమ్మాయికి చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం. దేవీప్రసాద్ రాయ్‌చౌధురి ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లో మద్రాసు ఆర్టు స్కూల్లో చదివి, 1946లో 'కలైమగళ్' అనే తమిళ పత్రికలో చేరి, 1950ల మొదట్లో చందమామకి వచ్చారు. అక్కడే అరవై ఏళ్ళ దాకా పనిచేశారు. చేత్తో కత్తి, భుజం మీద శవం, శ్మశానంలో నడుస్తున్న విక్రమార్కుడు మనందరి కళ్ళలో ఉన్నాడంటే అది ఆయన చలవే. 2020లో తొంభై ఆరేళ్ళ వయసులో పోయారు. మరుసటి ఏడు పద్మశ్రీ ప్రకటించారు.

మూడో ఆయన మన వడ్డాది పాపయ్య. 'వపా' అంటే చాలు. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. తండ్రి డ్రాయింగ్ మాస్టారు, మొదటి గురువు ఆయనే. కశింకోటలో స్థిరపడ్డారు. చందమామ అట్టల మీద ఆ రంగులు చూసి మా ఇంట్లో కథ చదవకముందే పుస్తకం కోసం కొట్టుకునేవాళ్ళం.

ఈ ముగ్గురి గురించీ చదువుతుంటే ఒక సంగతి పట్టుకుంది. ఒకాయన ఏ స్కూలుకీ వెళ్ళలేదు. ఒకాయన పెద్ద ఆర్టు స్కూల్లో చదివాడు. ఒకాయన నాన్న దగ్గర నేర్చుకున్నాడు. ముగ్గురూ చేరింది ఒకే బల్ల దగ్గరికి. ఆ బల్లకి అటువైపు చక్రపాణిగారు, కుటుంబరావుగారు ఉన్నారు. కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామ చూశారు. పేరు మాత్రం ఎక్కడా సంపాదకుడిగా వేసుకోలేదు. వచ్చిన కథని పిల్లలకి అర్థమయ్యేలా తిరగరాసేవారు. బేతాళ కథలు అసలు ఇరవై అయిదే, అవి అయిపోయాక అదే చట్రంలో కొత్త కథలు దశాబ్దాల పాటు నడిచాయి. కథ మీద అంత పట్టున్న మనుషుల చేతుల్లోంచి వెళ్ళాక గానీ బొమ్మ అచ్చుకి పోదు. పైగా చందమామ పన్నెండుకి పైగా భాషల్లో వచ్చేది, అన్నింటిలోనూ బొమ్మ అదే. తెలుగు పిల్లకి అర్థమై ఒరియా పిల్లకి అర్థం కాకపోతే కుదరదు. అక్షరాలకి చోటు వదిలి, ఆ మిగిలిన చోట్లో మొత్తం చెప్పాలి. ఇవాళ మా అమ్మాయికి పోర్ట్‌ఫోలియోలో ఉండాలని చెప్పిన లక్షణాలు ఇవే. అదే పాత్ర మళ్ళీ మళ్ళీ కనపడాలి, అక్షరాలకి చోటుండాలి, కథ ముందుకి పోవాలి. పేరు ఇంగ్లీషులో ఉంది కానీ పని మన ఇంట్లో ఉన్నదే.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే 'బాల' ఉంది. రేడియో అన్నయ్య, అక్కయ్యలు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గార్లు 1945 ఆగస్టులో మద్రాసులో పెట్టిన పిల్లల పత్రిక. అది పిల్లల కోసమే కాదు, పిల్లలు రాసినవీ వేసినవీ కూడా అచ్చువేసేది. బాపుగారి తొలి బొమ్మలు, ముళ్ళపూడి వెంకటరమణగారి తొలి కథ వచ్చింది అందులోనే. అప్పటికి వాళ్ళు స్కూలు పిల్లలు. 1933లో పుట్టిన బాపుకి 'బాల' మొదలయ్యేనాటికి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. ఆ వయసులో ఒక పెద్దాయన నీ బొమ్మ చూసి, ఇది అచ్చుకి పనికొస్తుంది అనడం ఎంత పెద్ద మాటో ఊహించుకోండి. ఆ తరవాత పదేళ్ళకి, 1955లో, బాపు లా పట్టా పుచ్చుకున్నారు. అదే ఏడు ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. మరి కొన్నాళ్ళకే ఇద్దరూ కలిసి మనకి బుడుగుని ఇచ్చారు. ఈ సంగతి మావారికి చెప్తే "చూశావా, ముందు పట్టా పుచ్చుకున్నాడు కదా" అన్నారు. ఒకే కథలోంచి ఎవరికి కావలసిన నీతి వాళ్ళు తీసుకుంటారు.

రాజమండ్రి సంగతి కూడా చెప్పాలి. ఇది పిల్లల బొమ్మల కథ కాదు కానీ, చూసే కన్ను గురించిన కథ. 1909లో అక్కడి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలుగా ఓస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర వచ్చాడు. స్వయంగా బొమ్మలు వేసే మనిషి. దామెర్ల రామారావు అనే కుర్రాడి బొమ్మలు చూసి వదిలిపెట్టలేదు. 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపేలా చూశాడు. రామారావు 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయాడు. అయినా ఈ కొద్ది కాలంలోనే రాజమండ్రిలో ఒక చిత్రకళాశాల నిలబెట్టి వెళ్ళాడు. ఇవాళ్టికీ గోదావరి గట్టుకి వెళ్ళినవాళ్ళు ఆయన పేరున్న ఆర్టు గ్యాలరీ చూడొచ్చు.

అన్నిసార్లూ చూసే కన్ను మొదటిసారే దొరకదు. 'పీటర్ రాబిట్' అనే చిన్న కుందేలు పుస్తకం మన పిల్లలకీ తెలుసు. బియాట్రిక్స్ పాటర్ 1893లో జబ్బుపడిన ఒక పిల్లాడికి ఉత్తరంలో బొమ్మలు వేసి పంపిన కథ అది. పుస్తకంగా చేద్దామని ప్రచురణకర్తలకి పంపితే వద్దన్నారు. 1901లో సొంత డబ్బుతో 250 కాపీలు వేసుకుంది. ఆ తరవాత ఒక సంస్థ ముందుకొచ్చి, బొమ్మలు రంగుల్లో కావాలంది. ఆవిడ మళ్ళీ కూర్చుని రంగులు వేసింది, కొన్ని బొమ్మలు తీసేసింది. 1902లో అందరూ ఎరిగిన పుస్తకం వచ్చింది. ఈ కథ మా అమ్మాయికి బాగా నచ్చింది. నాకు నచ్చిన భాగం తీసేసిన బొమ్మలది. తన చేత్తో వేసిన బొమ్మని తనే పక్కన పెట్టడానికి ఎంత గుండె కావాలో ఈ నెలరోజుల్లో మా టేబుల్ దగ్గర చూశాను.

ఇప్పుడు లోకం పెద్దదైంది. ఇటలీలో బొలోన్యా అనే ఊళ్ళో పిల్లల పుస్తకాల సంత 1964 నుంచీ జరుగుతోంది. 1967 నుంచి అక్కడ బొమ్మలు వేసేవాళ్ళకని విడిగా ప్రదర్శన ఉంది. దానికి పంపాల్సింది అయిదే అయిదు బొమ్మలు. మన దేశంలో చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు, నేషనల్ బుక్ ట్రస్టు 1957లోనే వచ్చాయి. మన తార్నాకలో మంచి పుస్తకం వాళ్ళు తెలుగులో పిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తున్నారు. చోటు లేదనలేం. కానీ నెలనెలా ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఈ నెల వేసింది వచ్చే నెల సరిదిద్దుకోమని చెప్పే పత్రిక ఇప్పుడేది? 'బాల' ఎప్పుడో ఆగిపోయింది. చందమామ చేతులు మారి, 2013 నాటికి అచ్చు ఆగిపోయింది. మా తరం మురిపెంగా తలుచుకునేది కథలని. నాకిప్పుడు ఎక్కువ నష్టమనిపిస్తున్నది ఆ బల్ల. ఇంట్లో మేమంతా ఉన్నాం, "ఎంత బాగా వేశావే" అనడానికి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఆ మెచ్చుకోలుతో చెయ్యి తిరగదు. ఇరవై నిమిషాల కోసం మా పిల్ల నెలరోజులు ఎందుకు తపించిందో నాకు అలా తెలిసివచ్చింది.

మళ్ళీ టేబుల్ దగ్గరికి వస్తాను. నలభై పైచిలుకు బొమ్మల్లోంచి ఏరడం మొదలుపెట్టాం. ముందు అందంగా ఉన్నవి ఒక కుప్ప, కథ ఉన్నవి ఒక కుప్ప చేశాం. అందమైన కుప్ప పెద్దదైంది, కథ కుప్పలో అయిదే మిగిలాయి. అది కాసేపు ఏడ్చింది. తరవాత మొహం కడుక్కుని కొత్తగా ఒక కథ మొదలుపెట్టింది. ఒక చిన్న పిల్ల, వాళ్ళమ్మతో మా హఫీజ్‌పేట్ స్టేషన్లో రైలెక్కుతుంటే ఒక చెప్పు జారి ప్లాట్‌ఫారానికీ రైలుకీ మధ్య పడిపోతుంది. అంతే కథ. ఒంటి చెప్పుతో రైల్లో కూర్చోవడం, ఎదురుగా ఉన్నవాళ్ళ కాళ్ళన్నీ చూడడం, రెండో చెప్పు కూడా విప్పి ఒళ్ళో పెట్టుకోవడం, సాయంత్రం తిరిగొచ్చి పట్టాల వైపు వంగి చూడడం, ఇలా ఏడు బొమ్మలు. దాని కోసం మేమిద్దరం రెండు ఆదివారాలు ఆ రైలెక్కి నాంపల్లి దాకా వెళ్ళొచ్చాం. అది మనుషుల కాళ్ళు గీసుకుంది. నేను అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో రెండు పాత చందమామలు కొనుక్కున్నాను.

ఏడూ అయిదూ పన్నెండు. వినాయకుడికి చోటు లేదు. నేనే తీసి బీరువాలో పెట్టాను.

రివ్యూ రోజు దాని గది తలుపు వేసుకుంది. నేను వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తీసినవే మళ్ళీ తీస్తూ కూర్చున్నాను. మావారు ఆ రోజు ఇంటినుంచే పని అన్నారు. ఎందుకో నేను అడగలేదు.

ఇరవై నిమిషాలు అరగంటైంది. బయటికి వచ్చి చెప్పింది. చెప్పు కథ ఏడూ ఉంచమన్నారట. మిగతా అయిదింటిలో మూడు తీసెయ్యమన్నారట, ఎవరో వేసినట్టున్నాయి కానీ నువ్వు వేసినట్టు లేవని. రైల్లో కాళ్ళ బొమ్మ దగ్గర అక్షరాలకి చోటు చాల్లేదన్నారు. చివరగా, అయిదో బొమ్మలో ఆ పిల్ల రిబ్బను ఎడమ జడ నుంచి కుడి జడకి మారిపోయిందన్నారు.

నేను పరుగెత్తుకెళ్ళి చూశాను. నిజమే. నాలుగు బొమ్మల్లో ఎడమ, అయిదులో కుడి. ఆ బొమ్మలు నేను కనీసం యాభైసార్లు చూసి ఉంటాను. చిత్ర బొమ్మల్లో శిఖిముఖిని వీపు చూసి గుర్తుపట్టానని మురిసిపోయిన దాన్ని, నా కూతురు వేసిన పిల్ల జడ చూసుకోలేకపోయాను. వాళ్ళ పిల్ల వేసిన బొమ్మ తల్లికి ఎప్పుడూ అందంగానే కనపడుతుంది కాబోలు. దానికి పరాయి కన్నే కావాలి.

మా అమ్మాయి మాత్రం బాధపడలేదు. నెలరోజుల్లో దాని మొహం అంత తేటగా నేను చూడలేదు. తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించినందుకు అంత సంతోషపడే మనిషిని చూస్తే, ఈ పని అది వదలదని నాకు అర్థమైంది. ప్లేస్‌మెంట్ పరీక్షలు కూడా రాస్తానంది, రాస్తోంది. ఏది ఎటు తేలుతుందో ముందు ముందు చూడాలి.

ఆ రాత్రి టేబుల్ ఖాళీ చేసి, చాలా రోజుల తరవాత ముగ్గురం దాని చుట్టూ కూర్చుని భోంచేశాం. చారు పోసుకుంటూ మావారు తల ఎత్తకుండా అడిగారు.

"ఆ రిబ్బను సరిచేశావా?"